మాణిక్యం గారి సోమవారం

మా ఆఫీసుకి ఎవరు వచ్చినా ముందు అడిగేది ఒకటే మాట: "మిషను ఎక్కడండీ?"

రాజమండ్రి దానవాయిపేటలో పళ్ళ డాక్టరు గారి క్లినిక్ పైన ఒక గది మాది. నాలుగు బల్లలు, నాలుగు కంప్యూటర్లు, ఒక ఏసీ, కిటికీలో తులసి కుండీ. మెయిన్‌ఫ్రేమ్ అనగానే బీరువాలంత పెట్టెలు, గిరగిరా తిరిగే టేపులు ఊహించుకుని వచ్చినవాళ్ళ మొహాలు చూడాలి. మిషను హైదరాబాదు అవతల ఎక్కడో ఉంటుంది, మేం ఇక్కడ కూర్చుని నడుపుతాం అని చెబితే, "ఓహో, కాల్ సెంటరా!" అంటారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండుతుంది. మాణిక్యం గారు మాత్రం నవ్వేసి, "ఆయ్, అలాంటిదేనండి. కాఫీ తాగుతారా?" అని అడుగుతారు.

రత్నమాణిక్యం గారు మా గదికి పెద్ద. నేను దుర్గాశ్రీని, ఆవిడ పక్క బల్ల నాది. నాకు నోరెక్కువని ఊరంతా అంటారు, అనుకోనివ్వండి. ఆవిడ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ నోరే పనికొస్తుంది. ఎందుకంటే తన గురించి తాను ఒక్క ముక్క చెప్పుకునే మనిషి కాదావిడ.

ఆవిడ పుట్టింది నిడదవోలులో, రైసు మిల్లు ఉన్న ఇంట్లో. డిగ్రీలో లెక్కలు చదువుకుని, హైదరాబాదులో ఒక బీమా కంపెనీలో చేరారు. చేరినప్పుడు ఆవిడ పని టేపులు మార్చడం. ఏ టేపు ఎప్పుడు ఎక్కించాలో చెప్పే యంత్రం ఎలా ఆలోచిస్తుందో తెలుసుకోవాలనిపించి, అడిగి, చదివి, తిట్లు తిని, చివరికి ఆ మిషనుని అందరికంటే బాగా ఎరిగినవాళ్ళలో ఒకరయ్యారు. పెళ్ళెందుకు చేసుకోలేదండీ అని ఒకసారి నోరు జారి అడిగేశాను. "టేపులు మార్చడానికే టైము చాల్లేదే" అన్నారు. అక్కడితో ఆ సంగతి వదిలేశాను.

హైదరాబాదులో అన్నేళ్ళున్నా ఆవిడకి ఆ ఊరు ఒంటికి పట్టలేదు. ఒకరోజు వెళ్ళి పై వాళ్ళతో, "నేను రాజమండ్రి పోయి అక్కణ్ణించి చేస్తాను. కుదరదంటే మానేస్తాను" అని చెప్పేశారట. అంత మెత్తటి మనిషి అంత మాట అనేసరికి వాళ్ళు కంగారుపడ్డారు. ఆ మిషను తెలిసినవాళ్ళు వీధికొకరు దొరకరు కదా. సరేనన్నారు. అలా మా గది పుట్టింది. వాళ్ళమ్మగారు పాపాయమ్మ గారు కూడా నిడదవోలు నుంచి వచ్చి కూతురి దగ్గరే ఉంటున్నారు.

అప్పటికి నేను బెంగళూరులో ఒక హాస్టల్లో, గదికి ముగ్గురి చొప్పున ఉంటూ, సాంబారు అనే పేరుతో వాళ్ళు పోసే బెల్లం నీళ్ళు తాగుతూ ఉన్నాను. ఎవరో నా నెంబరిస్తే మాణిక్యం గారు ఫోన్ చేశారు. "ఏమ్మా, మనూరు వచ్చేస్తావా? ఈ పనే, ఇక్కడే చేసుకుందాం" అన్నారు. ఆ గది రేపు తీసేస్తే నా గతేంటని అడిగాను. "నేనున్నంత కాలం ఆ గది తలుపు మూతపడదు. మాటిస్తున్నాను" అన్నారు. గణేష్‌బాబు కూడా ఆ మాట పట్టుకునే చెన్నైలో నిక్షేపంలాంటి ఉద్యోగం వదులుకుని, పెళ్ళాం పిల్లలతో వచ్చేశాడు. నాలుగో బల్ల మనిషి ఈ మధ్యే మానేసి వెళ్ళాడు, ఆ కుర్చీలో ఇప్పుడు మా టిఫిన్ డబ్బాలుంటాయి.

మా గదికి కొన్ని పద్ధతులున్నాయి. చెప్పులు బయటే విడవాలి. పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ళు తులసికి నీళ్ళు పోయాలి. రాహుకాలంలో పెద్ద పని మొదలుపెట్టకూడదు. గది తెరిచిన కొత్తలో నెలాఖరు లెక్కలు రెండుసార్లు మధ్యలో చచ్చి ఊరుకున్నాయి. చూస్తే రెండుసార్లూ రాహుకాలంలోనే మొదలయ్యాయట. మాణిక్యం గారు ఇంకేమీ ఆలోచించకుండా, ఏ రోజు రాహుకాలం ఆ రోజు తప్పించి మిషను పని మొదలుపెట్టేలా షెడ్యూలులోనే పెట్టేశారు. తరవాత మేం ఏ కొత్త పని చేర్చినా అదే పద్ధతిలో చేర్చాం. నెలాఖరు లెక్కలు మళ్ళీ ఎప్పుడూ ఆగలేదు. దాంతో ఆ పద్ధతి గురించి మాట్లాడుకోవడం కూడా మానేశాం. చెప్పులు విడిచేటప్పుడు ఎందుకు విడుస్తున్నామని ఎవరైనా ఆలోచిస్తారా?

ఇలా సుఖంగా సాగుతుంటే, పోయిన ఏడాది దీపావళి వెళ్ళాక విజయ్ పాల్ గారు ఫోన్ చేశారు. ఆయన హైదరాబాదులో మా పై అధికారి. కాకినాడ మనిషి, మర్యాదస్తుడు, చెడ్డ మాట కూడా మెల్లగా చెబుతారు.

"మేడమ్, మిషనుతో ఇబ్బంది లేదండి. దానిమీద సాఫ్ట్‌వేర్ బిల్లు మోయలేకపోతున్నాం. ఏటికేడాదీ పెరుగుతోంది. ఉగాదిలోపు గట్టిగా తగ్గించి చూపించకపోతే మిషను తీసేసి, పనంతా ఇంకోచోటికి మార్చేద్దామంటున్నారు. మిషను పోతే..."

"మా గదీ పోతుంది" అన్నారు మాణిక్యం గారు.

"నేను చెప్పలేక చెబుతున్నానండి" అన్నారాయన.

ఈ బిల్లు గోల మీకు కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మిషను డబ్బు పెట్టి కొంటాం, అది మనదే. దాన్ని లేపి నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఎన్నేళ్ళు కట్టినా మనది కాదు. నెలనెలా అద్దె. పోనీ ఆ అద్దె నెలకి ఇంత అని ఉంటుందా, ఉండదు. నెలంతా చూసి, ఏ నాలుగు గంటలు మిషను అన్నిటికంటే ఎక్కువ కష్టపడిందో ఆ నాలుగు గంటల్ని పట్టుకుని, నెల మొత్తానికీ దాని లెక్కనే వేస్తారు. మిగతా రోజులన్నీ మిషను కాళ్ళు చాపుకుని కూర్చున్నా సరే. నేను మొదటిసారి విన్నప్పుడు ఇదేం దోపిడీ అని గంతులేశాను.

"దోపిడీ కాదే, ఒప్పుకుని సంతకం పెట్టాం కదా" అన్నారు మాణిక్యం గారు. "మా మిల్లులో కరెంటు బిల్లు ఇలాగే ఉండేది. నెలంతా మిల్లు పడుకున్నా, ఏదో ఒకరోజు అన్ని మోటార్లూ ఒక్కసారి వేశామో, ఆ నెల డిమాండ్ చార్జీ దానిమీదే పడేది. మా నాన్నగారు ఒక మోటారు వేసి, కాఫీ తాగొచ్చి, రెండోది వేసేవారు."

మా మిషనుకి ఆ నాలుగు గంటలు ఎప్పుడో మాకు తెలుసు. ఎప్పుడూ సోమవారమే. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా. ఆదివారం సెలవయ్యాక బ్రాంచీలు తెరుస్తారు, జనం ఎగబడతారు, అందుకే సోమవారం బరువు అని అందరం అనుకునేవాళ్ళం. మేమే కాదు, హైదరాబాదులో వాళ్ళూ అదే అనుకునేవాళ్ళు. జనాన్ని రావద్దని ఎలా చెబుతాం?

గణేష్‌బాబు ఒక ఉపాయం తెచ్చాడు. "ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌ని మామూలు సర్వర్ మీద నడిపించే సాఫ్ట్‌వేర్ ఉందండి. మా ఇంట్లో లాప్‌టాప్‌లో నడుపుతున్నాను కూడా" అన్నాడు.

"ఏదీ, ఇప్పటిదా?" అని అడిగారు మాణిక్యం గారు.

వాడు నసిగాడు. వాడి లాప్‌టాప్‌లో ఉన్నది నలభై ఏళ్ళకి పైబడిన ముసలి రకం. అది అందరికీ ఉచితం, దాంతో సరదాగా ఆడుకోవచ్చు, నేర్చుకోవచ్చు. ఇవాళ మా పాలసీలు నడిచే రకాన్ని అలా పెట్టడానికి లైసెన్సు ఒప్పుకోదు. వాళ్ళు ఒప్పుకున్న మిషను మీద తప్ప ఇంకెక్కడా నడపకూడదు. "తప్పు పని వద్దు గణేషూ" అన్నారావిడ, అక్కడితో అయిపోయింది.

తరవాత మిషనుకి పగ్గం వేసి చూశాం. ఇంతకు మించి కష్టపడకు అని దానికి ఒక హద్దు పెట్టొచ్చు. పెట్టాం. ఆ సోమవారం బిల్లు పెరగలేదు గానీ, బ్రాంచీల్లో కంప్యూటర్లు కదలక మెదలక నిలబడిపోయాయి. క్యూలో ఉన్న జనం ఏజెంట్లని తిట్టారు, ఏజెంట్లు మేనేజర్లని తిట్టారు, మేనేజర్లు విజయ్ పాల్ గారిని తిట్టారు. ఆయన మమ్మల్ని తిట్టలేక, "తీసెయ్యండి మేడమ్, దణ్ణం పెడతాను" అన్నారు. తీసేశాం.

సంక్రాంతి వెళ్ళింది, మాఘమాసం వచ్చింది. మాణిక్యం గారు మాట్లాడటం తగ్గించేశారు. మా గది తలుపు వానాకాలంలో ఉబ్బి, నేల రాసుకుంటూ కీచుమని అరిచేది. ఎప్పటినుంచో చేయిద్దామనుకుంటున్నాం. గణేష్‌బాబు వడ్రంగిని పిలుద్దామంటే ఆవిడ, "ఎందుకులే, ఎన్నాళ్ళుంటామో ఏమో" అన్నారు. అంతవరకూ ఆవిడ ఏదో ఒకటి చేస్తారనే అనుకుంటున్నాను నేను.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి ఎవరో నాకు ఫోన్ చేశారు. "మీ మాణిక్యం గారు మీ గురించి చాలా గొప్పగా చెప్పారండి. మా దగ్గర ఒక ఖాళీ ఉంది, వస్తారా?" అని. గణేష్‌బాబుకీ అలాంటి ఫోనే వచ్చిందట. నేను తిన్నగా ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఏంటండీ ఇది? మమ్మల్ని పంపించేస్తున్నారా?"

"గట్టిగా మాట్లాడకు, కింద పేషెంట్లుంటారు" అన్నారావిడ.

"ఉండనివ్వండి. పన్ను పీకినప్పుడు వాళ్ళు అరవట్లేదా? మీకోసం ఎక్కడైనా అడిగారా మరి?"

"నాకెందుకే ఈ వయసులో? నా మాట నమ్మి వచ్చింది మీరు. గణేషు పిల్లాడు ఇప్పుడిప్పుడే బడికి అలవాటుపడ్డాడు. నువ్వు ఇక్కడికొచ్చాక నవ్వుతున్నావు. బెంగళూరు నుంచి వచ్చిన కొత్తలో నీకు నవ్వు ఉండేది కాదు, నీకు తెలీదు" అని మొహం కంప్యూటరు వైపు తిప్పేసుకున్నారు.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి తులసికి నీళ్ళు పోశాను. పొద్దున ఎవరో పోసేశారు, కుండీ పొంగి నేలంతా బురదైంది.

ఇది జరిగాక ఒక శుక్రవారం మాణిక్యం గారు సెలవు పెట్టారు. పాపాయమ్మ గారికి కోరుకొండ నరసింహస్వామి మొక్కు ఉందట. కొండెక్కలేరు, కింద గుడిలోనే దణ్ణం పెట్టుకుంటానన్నారు. నన్నూ రమ్మన్నారు. గణేష్‌బాబు గదిలో ఉండిపోయాడు. పొద్దున పదింటికి కారెక్కాలని అనుకున్నాం. పాపాయమ్మ గారు పులిహోర డబ్బాకి గుడ్డ చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టి, పూలు మరిచిపోయి వెనక్కి వెళ్ళి వచ్చేసరికి పదిన్నర దాటింది.

"ఇంకేం ఎల్తాం, రాహుకాలం వచ్చేసింది. పన్నెండు దాటాకే" అని మామ్మగారు సోఫాలో కూలబడ్డారు. మాణిక్యం గారు కూడా మారు మాట్లాడకుండా చెప్పులు విడిచేశారు. నేను ఆకలి మీద ఉన్నాను. పులిహోర వాసన వస్తోంది, తినడానికి లేదు, నైవేద్యానికట.

పన్నెండు కాగానే కిందికి దిగాం. వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్ చూసి నేను నోరు తెరిచాను. ఒకళ్ళు పెళ్ళి బట్టలకి బయల్దేరారు, కారు నిండా ఆడవాళ్ళు. ఇంకొకళ్ళు కొత్త స్కూటీకి పూజ చేయించడానికి తీస్తున్నారు. మూడో అంతస్తు వాళ్ళు ఇల్లు మారుతున్నట్టున్నారు, ఆటోలో గ్రైండరు ఎక్కిస్తున్నారు. మేం కూడా కారెక్కి కూర్చున్నాం, డ్రైవరు దాన్ని వాటి వెనకాల నిలిపాడు. అంతా ఒక్కసారే బయల్దేరారు, ఉన్న గేటు ఒకటే. హారన్లు, తిట్లు, స్కూటీ మీద నిమ్మకాయలు. వాచ్‌మన్ ఐజాక్ మధ్యలో నిలబడి, "ఒకళ్ళ తరవాత ఒకళ్ళు రండి బాబూ! ఇందాకటిదాకా గేటు ఖాళీగానే ఉంది కదండీ!" అని మొత్తుకుంటున్నాడు.

"శుక్రవారం కదా, అందరూ పన్నెండు దాకా ఆగినట్టున్నారు" అన్నాను నేను నవ్వుతూ.

మాణిక్యం గారు నవ్వలేదు. నా చెయ్యి పట్టుకున్నారు.

"శ్రీ, సోమవారం రాహుకాలం ఎప్పుడే?"

"ఏడున్నర నుంచి తొమ్మిది దాకా."

"బ్యాంకుల నుంచి మన ప్రీమియం ఫైళ్ళు ఎన్నింటికొస్తాయి?"

"ఏడున్నరకి..." అన్నాను. అని ఆగిపోయాను.

మిగతా రోజుల్లో ఫైళ్ళు రాగానే ఏడున్నరకి పని మొదలవుతుంది. బ్రాంచీలు తెరిచే వేళకి బరువంతా దిగిపోతుంది. ఒక్క సోమవారం మాత్రం మేం పెట్టిన పద్ధతి వల్ల ఆ పనంతా తొమ్మిది దాకా గుమ్మంలో నిలబడి ఉంటుంది. తొమ్మిది కాగానే అటు బ్రాంచీల జనం, ఇటు ఆగిన పని, ఒక్కసారి మిషను మీద పడతాయి. పాపం జనాన్ని ఆడిపోసుకున్నాం ఇన్నాళ్ళూ. వాళ్ళు కాదు, మేము. ఎమ్మెస్సీ చదివాను నేను. గణేష్‌బాబు ఇంట్లో కూర్చుని ముసలి ఆపరేటింగ్ సిస్టమ్‌లని నడుపుతాడు. ఒక్కరికి తట్టలేదే!

"నేనేనే" అన్నారు మాణిక్యం గారు. "నేనే చేశాను ఇదంతా. గది పోతోందని ఏడుస్తున్నాను, నా చేత్తోనే..."

"ఇప్పుడు తెలిసింది కదండీ, తీసేద్దాం. ఒక్క నిమిషం పని" అన్నాను. నాకు సంతోషంతో గంతులేయాలనుంది, కారులో చోటు లేదు.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "తీసేసిన మొదటి సోమవారమే పని ఆగిపోతే? పదకొండేళ్ళుగా ఆగలేదే అది. ఇప్పుడు ఆగితే ఉగాది దాకా కూడా ఉంచరు మనల్ని."

"అది రాహుకాలం వల్ల ఆగలేదండీ బాబూ!"

"కాదని నువ్వు చెప్పగలవా?"

చెప్పలేను. ఆ రోజుల్లో ఎందుకాగిందో ఎవరూ చూడలేదు. కోపం వచ్చింది నాకు, ఆవిడ మీద కాదు. అన్నేళ్ళ భయం కదా, నేను ఒక్క మాటంటే పోతుందా?

ముందు సీట్లో పాపాయమ్మ గారు ఇవేమీ పట్టించుకోవడం లేదు. ఆవిడ గోల ఆవిడది. "నిన్న సాయంత్రమే సంచీ తీసికెళ్ళి ఎదురింట్లో పెట్టించవే అంటే విన్నావా మాణిక్యం? ప్రస్థానం పెట్టేసుంటే పదకొండుకైనా ఎల్లిపోయేవాళ్ళం. ఈ పాటికి దర్శనం కూడా అయ్యేది."

"ప్రస్థానం ఏంటి మామ్మగారూ?" అని అడిగాను.

"ఇదీ తెలీదా అమ్మాయ్? మంచి టైములో ఒక సంచో, బట్టల మూటో గుమ్మం దాటించి ఇంకో ఇంట్లో పెట్టేత్తాం. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. ఆ తరవాత మనిషి ఎప్పుడు బయల్దేరినా దోషం లేదు. మా అత్తగారు ద్రాక్షారామం ఎల్లేటప్పుడు వారం ముందే గొడుగు పంపించేసేది."

మేం కోరుకొండ చేరేసరికి మధ్యాహ్నమైంది, గుడి తలుపులు వేసేశారు. మళ్ళీ తెరిచేదాకా కొండ కింద నీడలో చాప పరుచుకుని కూర్చున్నాం. మామ్మగారు దేవుడికి చేతులెత్తి మొక్కి, "నువ్వే చూత్తున్నావు కదా తండ్రీ, పిల్ల ఆకలికి ఆగలేకపోతోంది" అని పులిహోర డబ్బా విప్పారు. మాణిక్యం గారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా కొండకేసి చూస్తూ ఉండిపోయారు. తరవాత ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. దీపావళి తరవాత ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. పొలమారింది కూడా, నేను వీపు మీద తట్టాను.

"శ్రీ, ఏమీ చేయని ప్రోగ్రాం ఒకటుంది చూడు మన మిషనులో."

ఉంది. మెయిన్‌ఫ్రేమ్ తెలిసిన ప్రతివాళ్ళకీ తెలిసిన ప్రోగ్రామే. మొదలవుతుంది, అయిపోతుంది, మధ్యలో ఏమీ చేయదు. దానివల్ల ఖర్చూ ఉండదు, బరువూ ఉండదు. వేరే చిన్నా చితకా అవసరాలకి దాన్ని వాడుతుంటాం.

"సోమవారం ఏడుంబావుకి దాన్ని పంపిద్దాం" అన్నారావిడ. "మంచి టైములో మన పని గుమ్మం దాటినట్టే కదా. వెనకాల మిగతావన్నీ ఏడున్నరకి వస్తాయి. ఏమ్మా, దోషం ఉంటుందా?"

"మూట బయటికెళ్ళిపోయాక దోషం ఏంటే?" అన్నారు పాపాయమ్మ గారు. ఆవిడకి మిషనూ తెలీదు, ప్రోగ్రామూ తెలీదు, కానీ తీర్పు మాత్రం ఖచ్చితంగా చెప్పారు.

నేను నవ్వి నవ్వి చాప మీద పడిపోయాను. దాన్ని మూఢనమ్మకం అనండి, ఇంకోటనండి, నాకేం పట్టింపు లేదు. ఆవిడ భయం పోయింది, మిషను బరువు పోతుంది, ఇంకేం కావాలి? సాయంత్రం తలుపులు తీశాక ముగ్గురం తృప్తిగా దర్శనం చేసుకున్నాం.

అక్కణ్ణించే విజయ్ పాల్ గారికి ఫోన్ చేశారు మాణిక్యం గారు. నేనైతే టైము మార్చామని చెప్పి ఊరుకునేదాన్ని. ఆవిడ రాహుకాలం దగ్గర్నుంచి అంతా పూసగుచ్చినట్టు చెప్పేశారు.

"మేడమ్, ఇది పై వాళ్ళకి నేనెలా చెప్పాలండి?" అన్నారాయన అంతా విన్నాక.

"సోమవారం పని మొదలయ్యే టైము తొమ్మిది నుంచి ఏడున్నరకి మార్చామని చెప్పండి. నిజమే కదండీ అది."

"మరి ఏడుంబావుకి నడిచేదాని సంగతి?"

"అది ఏమీ చేయదండి. ముందు బయల్దేరుతుంది, అంతే."

ఆయన నవ్వుతున్నట్టు వినిపించింది. "ఉంచండి మేడమ్. మా అమ్మ కూడా ప్రార్థన చేయకుండా నన్ను గుమ్మం దాటనివ్వదు" అన్నారు.

ఆ సోమవారం మేం ముగ్గురం ఏడింటికే గదిలో ఉన్నాం. ప్రస్థానం అనే పేరే పెట్టాం దానికి. మాణిక్యం గారు తులసి దగ్గర అగరువత్తి వెలిగించి వచ్చి కూర్చున్నారు. ఏడుంబావుకి అది రెప్పపాటులో మొదలై అయిపోయింది. ఏడున్నరకి ఫైళ్ళు వచ్చాయి, పనులు ఒకదాని వెనక ఒకటి మొదలయ్యాయి. ఆవిడ బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నారు. గణేష్‌బాబు గోళ్ళు కొరుకుతున్నాడు. నేను ఎన్ని దేవుళ్ళకి మొక్కుకున్నానో నాకే గుర్తు లేదు. ఎక్కడా ఆగలేదు. తొమ్మిదికి బ్రాంచీలు తెరిచేసరికి చివరి పని కూడా అయిపోయింది. ఒంటిగంటకి గణేష్‌బాబు లెక్క తీశాడు. మంగళవారానికీ సోమవారానికీ పెద్ద తేడా లేదు.

"అమ్మయ్య" అన్నారావిడ. అంతే. గబగబా లేచి కింద కాఫీ చెప్పడానికి వెళ్ళారు. ఫోన్ చేస్తే పైకి తెచ్చిస్తారు, అయినా వెళ్ళారు. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఒక్క సోమవారం బాగుంటే చాలదు, బిల్లు తగ్గిందని నమ్మడానికి నెల నిండాలి. తరవాతి నెల సగం దాకా కూడా చూస్తామన్నారు పై వాళ్ళు. అన్నాళ్ళూ ప్రతి సోమవారం ఏడింటికి ముగ్గురం గదిలో ఉన్నాం. ఉగాదికి నాలుగు రోజుల ముందు విజయ్ పాల్ గారు ఫోన్ చేశారు. మాణిక్యం గారు "ఆయ్... ఆయ్... అలాగేనండి" అని వింటున్నారు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. నేను కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాను. గణేష్‌బాబు కూడా నాలాగే ఉన్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గణేషూ, ఆ వడ్రంగి నెంబరు నీ దగ్గరుందా? తలుపు చేయించాలి" అన్నారు.

నేను సిగ్గు లేకుండా ఏడ్చేశాను. గణేష్‌బాబు ఏడవలేదంటాడు, వాడి మాట నమ్మకండి. వెంటనే వడ్రంగి వీరాస్వామి గారికి ఫోన్ కలిపాడు. స్పీకరులో పెట్టాడు.

"శుక్రవారం పదకొండింటికి వచ్చేత్తానండి" అన్నాడు వీరాస్వామి.

మాణిక్యం గారు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూస్తూ నవ్వు ఆపుకున్నాను.

"అలాగే రండి వీరాస్వామి గారూ" అన్నారావిడ. "కాకపోతే పదింటికల్లా మీ పనిముట్ల పెట్టె ఎవరిచేతైనా పంపించి మా గదిలో పెట్టించేయండి. మీరు ఆనక ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు."

శుక్రవారం పది కాకుండానే పెట్టె వచ్చింది. నాలుగో కుర్చీలో టిఫిన్ డబ్బాలు తీసి దాన్ని అక్కడ పెట్టాం. పదకొండింటికి మనిషి వచ్చి తలుపు ఊడదీసి, అడుగు చిత్రిక పట్టి, మళ్ళీ బిగించాడు. మాణిక్యం గారు దాన్ని ఒకసారి వేశారు, తీశారు. మళ్ళీ వేసి, మళ్ళీ తీశారు. చప్పుడు లేదు.

"ఇంక దీనికి చాలా ఏళ్ళు ఢోకా లేదండి" అన్నాడు వీరాస్వామి.

"ఆయ్" అన్నారు మాణిక్యం గారు, తలుపు బార్లా తీసి ఉంచి.